పద్దెనిమిది వేల ఉప్పుమూట

మాది తూకం మీద బతికే కుటుంబం. మా తాత పార్వతీపురం వైపు నుంచి ఉప్పుమూట వీపున వేసుకుని బంధుగాం కొండలెక్కాడని మా ఇంట్లో గర్వంగా చెప్పుకుంటాం. ఉప్పు ఇచ్చి చింతపండు పుచ్చుకునేవాడు. ఇచ్చేటప్పుడు ఏ కుంచం తీసేవాడు, పుచ్చుకునేటప్పుడు ఏ కుంచం తీసేవాడు అన్నది మాత్రం గర్వంగా చెప్పుకోం. అసలు చెప్పుకోం.

నాన్న కాలానికి తక్కెడ వచ్చింది, నా కాలానికి ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. కువి, ఒడియా, తెలుగు మూడూ కలిపి బేరమాడే సంత మాది. పాత పప్పులు ఇప్పుడు ఉడకవు. చింతపండు తెచ్చినవాళ్లు కాటా మీది అంకె నాకంటే ముందు చదివేస్తారు. అయినా తూకంలో మోసం ఎలా జరుగుతుందో ఒకరు నాకు నేర్పక్కర్లేదు, అది వంశ విద్య. అలాంటి నేను 18,000 రూపాయలు పోసి ఒక తూకం మోసాన్ని కొని తెచ్చి, నా కారుకే తగిలించుకున్నాను.

మా ఇంట్లో చాలా ఖర్చులకు ఉన్నట్టే దీనికీ మూలం మా బావమరిది. విశాఖలో ఉంటాడు. కొత్తగా పెట్రోల్ టర్బో కారు కొన్నాడు. కిందటి దసరాకి రెండు కుటుంబాలూ రెండు కార్లలో సాలూరు మీదుగా కొరాపుట్ బయల్దేరాం. సుంకి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర నా కారు ఆయాసపడుతుంటే, వాడు చెయ్యి ఊపి నన్ను దాటి వెళ్లిపోయాడు. పక్క సీట్లో మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "తమ్ముడు చక్కగా నడుపుతున్నాడు కదండీ" అంది. అంతే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ ఒకెత్తు, ఆ మెచ్చుకోలు ఒకెత్తు.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ డిజైర్ డీజిల్. ఇంజిన్ మూలం ఇటలీ ఫియట్ వాళ్లది. 1248 సీసీ, 75 గుర్రాల శక్తి, 190 న్యూటన్ మీటర్ల టార్కు. ఆ 190 అందేది 2000 ఆర్‌పీఎం దగ్గర. అంతకు దిగువన టర్బో నిద్ర లేవదు. లోకంలో ఏదీ ఊరికే రాదు కాబట్టి అదీ ఊరికే తిరగదు. ఇంజిన్ వదిలిన పొగ బలంతో తిరిగి, బయటి గాలిని నొక్కి మళ్లీ ఇంజిన్‌లోకి తోస్తుంది. 1905లో ఆల్‌ఫ్రెడ్ బూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న కిటుకు ఇది. పొగ చాలకపోతే గాలి చాలదు, గాలి చాలకపోతే శక్తి ఉండదు. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే: బావమరిది దాటిపోయాడు.

తర్వాత వారమే సరుకు పని మీద విశాఖ వెళ్లి, ఒక దుకాణంలో అడుగుపెట్టాను. పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు. అక్కడి కుర్రాడు సబ్బుపెట్టెంత డబ్బా చూపించాడు. "పది నిమిషాల పని సార్. ఇంజిన్ విప్పక్కర్లేదు. రెండు ప్లగ్గులు, అంతే. మీ 75 గుర్రాలు 95 అవుతాయి."

"దీన్నేమంటారు బాబూ?"

"పిగ్గీబ్యాక్ సార్. అసలు కంప్యూటర్ వీపు మీద ఎక్కి కూర్చుంటుంది."

అంటే ఉప్పుమూట! చిన్నప్పుడు తాత వీపెక్కి ఆడిన ఆట గుర్తొచ్చింది. కొండెక్కిన ఉప్పుమూట గుర్తొచ్చింది. కళ్లు చెమర్చాయి. కళ్లు చెమర్చినప్పుడు డబ్బు తీయకూడదని షావుకారు పిల్లలకు మొదటే నేర్పుతారు. నేను తీశాను.

ఇంటి జమాఖర్చుల పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంటుంది. "కారు సర్వీసుకి ఎంతయిందండీ?" అంది. "1,800" అన్నాను. ఒక్క సున్నా తేడా. సున్నాకి విలువ లేదని బడిలో చెప్పిందే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

రెండు వారాలు నేను రాజుని. కాలు పెడితే కారు ఉరికేది. వెనకాల నల్లగా పొగ కూడా ఉరికేది, కానీ రాజు వెనక్కి చూడడు కదా. మా వీధిలో ఆరబెట్టిన వడియాల మీద ఆ నలుపు వాలి, పక్కింటావిడ చాట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. చింతపండు ఆరబెట్టుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

ఇంకో వింత కూడా జరిగింది. డాష్‌బోర్డు మీద మైలేజీ పెరిగింది! లీటరుకు 22 అని చూపించింది. గుర్రాలు పెరిగి, గడ్డి తగ్గిందని పొంగిపోయి మా ఆవిడకి చూపించాను. ఆవిడ బంకు రసీదులు, మీటరు అంకెలు పక్కపక్కన వేసి లెక్క కట్టి, "పుస్తకంలో 16 వస్తోందండీ. మీ బండి అబద్ధమాడుతోంది" అంది. బండి కాదు, బండి యజమాని అని చెప్పే ధైర్యం లేక, "బంకు వాడి కొలత తేడా అయ్యుంటుంది" అన్నాను. అలా పాపం ఎరగని బంకు వాడి మీద కూడా నింద వేశాను.

కొత్త సంవత్సరంలో అత్తగారు కొరాపుట్ శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుణ్ణి చూస్తానన్నారు. మళ్లీ అదే ఘాట్. ఈసారి నా వెనక సీట్లో అత్తగారు, పక్కన మా ఆవిడ, డిక్కీలో పులిహోర, బానెట్ కింద ఉప్పుమూట. ముందు బరువైన లారీ ఒకటి పాకుతోంది. దాటేద్దామని కాలు అదిమాను. ఇంజిన్ గర్జించింది, ఆర్‌పీఎం ముల్లు లేచింది, కారు మాత్రం లేవలేదు. చప్పుడంతా పెళ్లివారిది, నడక పల్లకీది.

"ఏదో మాడుతున్న వాసనొస్తంది బాబూ, పొయ్యి మీద ఏటైనా వొదిలీసి వొచ్చీసినారా?" అన్నారు అత్తగారు.

మాడుతున్నది క్లచ్ ప్లేటు. 190 న్యూటన్ మీటర్లకు లెక్కవేసి కట్టిన ప్లేటు మీదికి అంతకు మించిన బలాన్ని తోస్తే, పట్టలేక జారుతుంది. జారి జారి కాలుతుంది. ఇంతలో ఇంజిన్ దీపం వెలిగింది. కారు చచ్చిన పాములా అయిపోయింది. ఎంత తొక్కినా ఒక వేగానికి మించి కదలదు. లింప్ మోడ్ అంటారట. లెక్క కుదరనప్పుడు కంప్యూటర్ "నాకేదో అనుమానంగా ఉంది, ఇల్లు చేరేదాకా కుంటుతూ నడుద్దాం" అనుకుంటుంది. మా ఇంట్లో కూడా ఒకరున్నారు అలా.

జగన్నాథుడికి అక్కణ్ణుంచే దండం పెట్టి, పల్లం పుణ్యమా అని సాలూరు దిగి, ఎలాగో పార్వతీపురంలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి చేరాం. ఆయన బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి, డబ్బా బయటికి లాగి, నా కళ్లలోకి కాదు, మా ఆవిడ కళ్లలోకి చూశాడు.

"అమ్మా, బండికి ఏ రోగమూ నేదు. దీనికి ఎవులో అబద్ధం సెప్తన్నారు."

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఒక గొట్టం ఉంటుంది. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లకు పైనే లేస్తుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. 1997లో ఇటలీవాళ్ల ఆల్ఫా రోమియో 156తో ఈ పద్ధతి కార్లలోకి వచ్చింది. గొట్టానికి ఒక సెన్సర్ ఉంటుంది, అదే కాటా. ఒత్తిడి ఎంతో అది చెబుతుంది. ఆ అంకెను చూసి కంప్యూటర్ ఎంత డీజిల్ చిమ్మాలో తేలుస్తుంది. నా డబ్బా ఆ రెండింటి మధ్యన దూరి, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువని చెబుతుంది. "అయ్యో, తగ్గిందా" అని కంప్యూటర్ ఇంకా పెంచుతుంది. కొలత తక్కువ చూపిస్తుంది, సరుకు ఎక్కువ పడుతుంది.

నాకు ఒళ్లు జల్లుమంది. ఇది తాత గారి కుంచం! పుచ్చుకునే కుంచం! పద్దెనిమిది వేలకి మా ఇంటి గుట్టే నాకు అమ్మారు.

డాష్‌బోర్డు 22 చూపించిందీ అందుకే. తను ఎంత చిమ్మానని అనుకుంటోందో కంప్యూటర్ అదే చెప్పింది పాపం. పొగ రాకుండా, వేడెక్కకుండా, క్లచ్‌కి బలం మించకుండా కంపెనీ వాళ్లు కంప్యూటర్‌లో గిరిగీసి పెట్టిన హద్దులన్నీ ఆ కాటా అంకె మీదే నిలబడి ఉంటాయి. కాటాయే తప్పయితే హద్దులన్నీ తప్పే. డబ్బాకి ఇంజిన్ వేడి తెలియదు, పిస్టన్ తల కాలుతోందో లేదో తెలియదు. పైగా మా కొండల మీద గాలి పల్చన. కొరాపుట్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డు కంటే పదో వంతు తక్కువ. అంత గాలీ తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. చిన్న కార్ల టర్బో మామూలుగానే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పరుగెత్తే ఎద్దుని ములుకోలతో పొడిచినట్టు.

మెకానిక్ దగ్గర నుంచే ఫోన్ చేస్తే, ఈ కథ విని బావమరిది నవ్వాడు. వాడూ తన పెట్రోల్ కారుకి ఫ్యూయల్ కంట్రోలర్ అనే ఇలాంటి డబ్బా ఒకటి చూసుకుంటున్నాడని ఆ నవ్వులో బయటపడింది. మెకానిక్ ఫోన్ తీసుకుని, పెట్రోల్ టర్బోలో ఇంకా ప్రమాదమన్నాడు. అక్కడ ఆ డబ్బా అబద్ధమాడేది గాలి గురించి. పెట్రోల్ తగ్గించడానికి "గాలి తక్కువే వస్తోంది" అని చెబితే, కంప్యూటర్ అదే అంకెను పట్టుకుని, బరువు లేదనుకుని, నిప్పురవ్వను ముందుగా వేస్తుంది. నిజానికి లోపల గాలి నిండుగా ఉంటుంది. మంట వేళకాని వేళ పేలి పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. మెల్లగా నడిపినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ ఆ అబద్ధాన్ని సర్దేసుకుంటుంది. గట్టిగా తొక్కినప్పుడే కొంప మునుగుతుంది. బావమరిది నవ్వు ఆపాడు. నాకు ఆ రోజు దక్కిన ఏకైక లాభం అది.

అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకుని, "ఇది ఎంతుంటుంది?" అని మెకానిక్‌ని అడిగింది. "పద్దెనిమిది, ఇరవై వేలుంటదమ్మా" అన్నాడు ఆ సత్యహరిశ్చంద్రుడు. ఆవిడ నా వైపు తిరిగింది. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, పుస్తకం తీసి, 1,800 పక్కన ఒక సున్నా పెట్టింది. దాని కింద క్లచ్ సెట్టు, కూలీ, తప్పిపోయిన దర్శనం ఖర్చు, పక్కింటావిడ వడియాలు అని వరసగా రాసింది.

2015లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు పొగ పరీక్షలో అబద్ధమాడి ప్రపంచమంతా పరువు పోగొట్టుకున్నారు. వాళ్లు ప్రభుత్వాల్ని మోసం చేశారు. నేను నా ఇంజిన్‌నీ, మా ఆవిడనీ మోసం చేశాను. జరిమానా ఎవరికి భారమో పాఠకులు తేల్చాలి. చట్టం దగ్గరా తప్పించుకునే దారి లేదు. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. వారంటీ, బీమా వాళ్లకి ఈ డబ్బా కనబడితే చాలు, కాగితం పక్కకి నెట్టేయడానికి వంక దొరికినట్టే.

అసలు దెబ్బ చివర తగిలింది. కారు తీసుకుంటూ, "మరి ఘాట్‌లో ఆయాసపడేది కదా, దానికేం చెయ్యాలి?" అని అడిగాను. మెకానిక్ పక్కన కూర్చుని ఒక చుట్టు నడిపించి చూశాడు. "సెకండ్ గేరులో ఎల్లాల్సిన కాడ థర్డులో ఎల్తే ఏ టర్బో మాత్రం ఏటి సేస్తాది బాబూ?"

వెనక సీట్లో అత్తగారు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. అల్లుడి పరువు కాపాడే అత్తగార్లు ఇలాగే ఉంటారు.

డబ్బా ఇప్పుడు మా కొట్లో బిల్లుల మీద బరువుగా ఉంది. మొన్న మా ఆవిడ దాన్ని కాటా మీద పెట్టింది. 180 గ్రాములు. గ్రాము వంద రూపాయలు. మా వంశంలో ఇంత ధర పెట్టి ఎవరూ ఏ సరుకూ కొనలేదు.

టర్బో బండి ఉన్నవాళ్లకి నా మనవి ఒక్కటే. ఎక్కడం కష్టంగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించండి, గేరు ఒకటి దించండి. కాటా జోలికి మాత్రం వెళ్లకండి. అది ఎవరి చేతిలో ఉన్నా సరే.