కనపడని కడ్డీ

పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడ కంప్యూటర్ ముట్టుకునేది నేనొక్కణ్ణే. అందుకని ఉద్దానం మొత్తంలో నా అంతటివాడు లేడనుకునేవాణ్ణి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. రేకులు లేచిపోయాయి, జీడిపిక్కల బస్తాలు తడిసిపోయాయి. కరెంటొచ్చాక షావుకారు లెక్క అడిగారు. చీటీ ముక్క మీద చెప్పాల్సిన మాట: చేతిలో లాభం మూడు లక్షలు, తడిసిన పిక్కలకు పోయింది ఐదు, రేకులకు ఒకటి, వెరసి మూడు లక్షల నష్టం. నేనేమో ఎక్సెల్‌లో వాటర్‌ఫాల్ చార్టు, అంటే లాభనష్టాలు మెట్లుమెట్లుగా దిగే బొమ్మ, గీస్తానన్నాను. అదీ ఎక్సెల్‌లోనే రాసే వీబీఏ కోడుతో. మూడు రాత్రులు పట్టింది.

కిటుకు పాతదే. ఒకదాని మీద ఒకటి రెండు కడ్డీలు పెట్టి, కిందిదానికి రంగు తీసేస్తే పైది గాల్లో తేలుతుంది. కింది కడ్డీ ఎత్తెంత? ముందరి మొత్తం, తరవాతి మొత్తం, రెంటిలో చిన్నది. సూత్రం రాసి మురిసిపోయాను. మొత్తం సున్నా కిందికి దిగితే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు, తుఫాను లెక్క రాస్తూ కూడా! ఎక్సెల్ మైనస్ అంకెల్ని సున్నా కిందా, ప్లస్ అంకెల్ని సున్నా పైనా విడివిడిగా పేరుస్తుంది. కనపడని కడ్డీ కిందికి జారుకుంది. మైనస్ గుర్తు తీసేసిన ఐదు లక్షల నష్టం మహేంద్రగిరి కొండలా పైకి లేచి నిలబడింది. చివరి మొత్తమూ పైకే. నష్టానికి ఎరుపే వేశాను గానీ, మా ప్రింటరుకు నలుపు తప్ప తెలీదు.

షావుకారు కాగితం చూసి, "పర్లేదురా బాబూ, తేరుకున్నాం" అన్నారు. నేను తలూపాను. కోడు తప్పు కన్నా ఆ తలూపుడుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాత గుమస్తా కళ్లద్దాలు సర్దుకుని, "నష్టమైతే పైకి లేసిందేటి బాబూ?" అన్నాడు.

దిద్దుదామని కూర్చుంటే ఇన్సర్ట్ మెనూలోనే 'వాటర్‌ఫాల్' బొమ్మ కనిపించింది. మాది 2016 ఎక్సెల్; ఆ చార్టు దాంతోనే వచ్చింది. రెండు నొక్కులు నొక్కగానే నష్టం సున్నా కిందికి బుద్ధిగా దిగింది. చివరి కడ్డీ మీద మాత్రం 'సెట్ యాజ్ టోటల్' నొక్కాలి, లేకపోతే మొత్తాన్ని మరో నష్టంగా కలిపేస్తుంది. నేను నొక్కలేదు. రెండో కాగితంలో షావుకారు ఆరు లక్షల లోతుకు దిగిపోయారు.