రూటు చెప్పే పెద్దమనిషి

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ కాలనీలోనైనా పొద్దున అయిదున్నరకు గేటు తీసుకుని బయటికొస్తే ఒక పెద్దమనిషి తప్పక తగులుతాడు. తెల్ల బూట్లు, అమెరికాలో కొడుకు చదివిన యూనివర్సిటీ పేరున్న టీషర్టు, దాని కింద ఆఫీసు రోజుల నాటి ఇస్త్రీ ప్యాంటు, చేతిలో కర్ర. కర్ర కాళ్ల కోసం కాదు, కుక్కల కోసం. బ్యాంకులోనో రైల్వేలోనో కరెంటాఫీసులోనో చేసి రిటైరై ఉంటాడు. ఈయన్ని వాకర్ అని ఊరుకుంటే అన్యాయం. వాకర్లు ఊరంతా ఉన్నారు. ఈయన ప్రత్యేకత రూటు చెప్పడం. ఎదురొచ్చినవాడు నమస్కారం పెడితే "ఎటు దిక్కు నుంచి వస్తున్నరు సార్?" అని అడుగుతాడు. జవాబు సగంలో ఉండగానే "అట్ల కాదు" అంటాడు. ఆ "అట్ల కాదు" మొదలయ్యాక పావుగంట సేపు చెప్పేవాడూ కదలడు, వినేవాడూ కదలడు. నడవడానికి వచ్చిన జనాన్ని నిలబెట్టే మనిషి అని ఈయన మీద కాలనీ మొత్తానికి ఫిర్యాదు ఉంది. అది న్యాయమైన ఫిర్యాదే. అయినా నా వాదన ఏమిటంటే, హైదరాబాద్ నగరానికి ఈ తూర్పు కొసన పొద్దుటి నడక అనేది ఇంకా సాగుతోందంటే అది ఈయన నోటి చలవే.

ఎందుకంటే ఇక్కడ దారి అనేది నేల మీద లేదు. పడమటి వైపు వాళ్లకు కేబీఆర్ పార్కు ఉంది, చుట్టూ నడిచే బాట ఉంది, దుర్గం చెరువు ఉంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కూడా నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. 42 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు సైతం ఉప్పల్ దాకా రావాలన్న ఆలోచన రాదు. ఇటు చెట్లు లేవా అంటే, పుష్కలంగా ఉన్నాయి. కాకపోతే అవన్నీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాయి. 1961లో మొదలైన ఎన్‌జీఆర్ఐ, దాని పక్కనే సీసీఎంబీ, తార్నాక దగ్గర ఐఐసీటీ, ఉప్పల్లో సర్వే సంస్థ — పచ్చదనమంతా ఈ కేంద్ర సంస్థల ప్రహరీల లోపల గుర్తింపు కార్డు మెడలో వేసుకుని ఉంటుంది. ఉప్పల్ క్రికెట్ స్టేడియం సంగతి చెప్పనే అక్కర్లేదు. రాష్ట్రంలోకెల్లా చక్కటి పచ్చిక లోపల ఉంది, మన పెద్దమనిషి బయట గోడ చుట్టూ తిరుగుతున్నాడు. వేపకొమ్మో కానుగకొమ్మో గోడ మీంచి ఇవతలికి వంగిన చోట ఆ నీడ పడే పది గజాలు ఆయనకు కంఠతా వచ్చు. ఏ నెలలో ఏ గోడ పక్కన నడవాలో చెప్తాడు, ఏప్రిల్లో ఎండ ఏ వేళకు రోడ్డు దాటి ఇటు పక్కకు వస్తుందో కూడా చెప్తాడు. నవ్వొస్తుంది గానీ, ఆ పది గజాలే ఇక్కడి అడవి.

కొలతల్లోనూ ఆయనది సొంత పద్ధతే. 2017 నవంబరులో మెట్రో వచ్చినప్పటి నుంచి ఈ వైపు చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లయ్యాయి, ఆయన కిలోమీటర్లు కూడా పిల్లర్లయ్యాయి. నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ అని స్టేషన్లను వరసగా ఏకరువు పెట్టి, "మీ మోకాళ్లకు రెండు స్టేషన్లు చాలు, మీ షుగరుకు నాలుగు కావాలె" అని డాక్టరు చీటీ రాసినంత ధీమాగా పంచిపెడతాడు. వానాకాలం రాగానే మకాం ఉప్పల్ రింగురోడ్డు మీది స్కైవాక్‌కు మారుతుంది. 2023 జూన్‌లో తెరిచిన ఆ ఆకాశ వంతెన రోడ్డు దాటడం కోసం కట్టింది. పొడవు 660 మీటర్లు. కింద నలువైపులా బస్సులు, ఆటోలు, వరంగల్ వెళ్లే కార్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఉంటే, పైన మన పెద్దమనిషి దాని పొడవునా ఎనిమిదిసార్లు నడిచి అయిదు కిలోమీటర్లు దాటిందని తేలుస్తాడు. అంత నడిచే మనిషి పైకెక్కేది మాత్రం ఎస్కలేటర్ మీద. అడిగితే "మెట్లు మోకాళ్లకు మంచిది కాదు" అంటాడు. ఫోన్ చూపించే అడుగుల లెక్కను నమ్మడు, కానీ పదివేలు దాటిన రోజున అందరికీ చూపిస్తాడు. ఆ పదివేల అంకె ఏ వైద్యుడూ తేల్చింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి తగిలించిన పేరులోది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశీలనలో నాలుగువేల నాలుగువందల అడుగుల దగ్గరే మేలు కనిపించింది, ఏడున్నరవేలు దాటాక అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇది ఆయనకు చెప్పి చూడండి. "అది అమెరికా సార్, ఇది ఉప్పల్" అంటాడు. అంతటితో ఆ పరిశోధన అక్కడికక్కడే కొట్టుకుపోతుంది.

ఈ కాలంలో రూటు చెప్పడానికి మనిషెందుకు, ఫోన్లో మ్యాపు ఉంది కదా అనేవాళ్లున్నారు. మ్యాపుకు రోడ్డు తెలుసు, రోడ్డు మీద ఇవాళ ఏం జరుగుతోందో తెలియదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆరు కిలోమీటర్ల చిల్లర పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద ఏ పక్క తవ్వారు, ఏ పక్క పూడ్చారు, నిన్న ఉన్న రేకుల అడ్డం ఇవాళ ఎక్కడికి జరిగింది అన్నది ఏ ఉపగ్రహానికీ అందలేదు, ఈయనకు అందింది. ఉప్పల్ భగాయత్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన వెడల్పాటి రోడ్లు నడకకు బాగుంటాయి. కానీ పక్కనే మూసీ. దక్షిణపు గాలి తిరిగిందా, అటు పోయినవాడు ముక్కు మూసుకుని వెనక్కు రావాల్సిందే. నాచారం పారిశ్రామికవాడలో ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తెల్లారకముందే లారీలు లైను కడతాయి. స్టేడియంలో ఐపీఎల్ మ్యాచి ఉన్న మర్నాడు ఆ చుట్టుపక్కల నీళ్ల సీసాలూ బిర్యానీ డబ్బాలే పరిచి ఉంటాయి. రామంతాపూర్ చెరువు వైపు అయితే సూర్యుడు పైకొచ్చేదాకా దోమలదే రాజ్యం. ఏ సందు మొదట్లో కుక్కలు మూడు, ఏ సందు చివర ఒకటే గానీ అది మూడింటి పెట్టు, ఏ ఇంటి ముందు మంచినీళ్లు వదిలే రోజున బురద, ఏ వాచ్‌మన్ చూసీచూడనట్టు ఊరుకుంటాడు — ఇదంతా ఒకే తలకాయలో ఉంది. మునిసిపాలిటీ దగ్గర ఈ సమాచారం ఉంటే కంప్యూటర్లో పెట్టి కమాండ్ సెంటర్ అని పేరు పెట్టేది. ఇక్కడ దానికి చౌరస్తాలో నిలబడ్డ పెద్దమనిషి అని పేరు.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. ఈయన నడిచేదెంత, మాట్లాడేదెంత? నిజమే, లెక్క వేస్తే గంటన్నరలో నడక ముప్పావుగంటకు మించదు. మిగతాది రాగిజావ బండి దగ్గర, ఉచితంగా బీపీ చూసే బల్ల దగ్గర, చివరికి ఇరానీ హోటల్లో ఖర్చవుతుంది. కాకరరసం తాగి, చేదు పోవడానికి చాయ్ తాగి, చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచి, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అని ఇంట్లో ఇడ్లీకి కూర్చునే క్రమశిక్షణ ఆయనది. ఎక్కడ ఏడుగురు వరసగా పది రోజులు నడిచారో అక్కడ ఒక వాకర్స్ అసోసియేషన్ పుడుతుంది. దానికి అధ్యక్షుడు ఆయనే, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసేదీ ఆయనే, ఎన్నికలప్పుడు చేతులు జోడించుకుంటూ వచ్చే అభ్యర్థికి ఫుట్‌పాత్ గురించి వినతిపత్రం ఇచ్చేదీ ఆయనే. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది వారానికి నూట యాభై నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకు ముప్పావుగంట అంటే నాలుగు రోజులకే ఆ బాకీ తీరిపోతుంది. పైగా ట్రెడ్‌మిల్ కొన్న ఇళ్లలో అది ఏడాది తిరిగేసరికి తువ్వాళ్లు ఆరేసుకునే సామాను అవుతోంది, ఈయన మాత్రం పొద్దున్నే లేస్తున్నాడు. ఆరోగ్యం కోసమే అయితే ఏనాడో మానేసేవాడు. రాత్రి మనసులో కూర్చుకున్న కొత్త రూటు ఎవరికో ఒకరికి చెప్పాలి, ఆ తహతహే దుప్పటి లాగేస్తోంది.

అన్ని రూట్లలోకీ ఆయన పట్టపురాణి ఉస్మానియా క్యాంపస్. తార్నాక వైపు నుంచి లోపలికి వెళ్తే చెట్లు, నెమళ్లు, 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం, ల్యాండ్‌స్కేప్ గార్డెన్. ఈ చుట్టుపక్కల గోడ అడ్డం లేకుండా దొరికే అడవి ఇంకొకటి లేదు. 2023లో యూనివర్సిటీ వాళ్లు వాకర్ల దగ్గర నెలకు రెండువందలు వసూలు చేస్తామని ప్రకటించినప్పుడు ఈ జాతి మనిషిలోని ఆర్థికవేత్త మేల్కొన్నాడు. రెండువందలంటే రోజుకు ఏడు రూపాయలు కూడా కాదు, కాకరరసం గ్లాసు ఖరీదుకు కూడా చాలదు. అయినా సూత్రం సూత్రమే. ఊళ్లో అందరి నడకా ఉచితం, చెట్టు కింద నడకకు చందా ఏమిటని వాదన. ఆ వాదనను నేను కొట్టిపారెయ్యలేను, ఎందుకంటే నీడకు టికెట్ పెట్టే అలవాటు ఒకసారి మొదలైతే ప్రహరీ బయటికి వంగిన ఆ వేపకొమ్మను కూడా ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకుంటారు.

ఒక్క ఆక్షేపణకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఇంత రూట్ల విద్యలో ఆయన భార్యకు పనికొచ్చే రూటు ఒక్కటీ లేదు. ఆయన "సందులోంచి దూరిపోవచ్చు" అని అలవోకగా చెప్పే చోట తెల్లవారుజామున ఆవిడ ఒక్కతే పోలేదు. దీపం వెలగని ఫుట్‌పాత్, మలుపులో నిలబడ్డ కుర్రాళ్లు, మెళ్లో గొలుసు, తిరిగొచ్చేసరికి స్టవ్ మీద పాలు — ఇవేవీ ఆయన పటంలో గుర్తులు కావు. అందుకే ఆవిడ అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య, లేదంటే డాబా మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతుంది. ఆ సెల్లారు చుట్టూ ఎన్ని రౌండ్లయితే కిలోమీటరో ఆవిడకు తెలుసు, ఆయనకు తెలియదు. ఈ విషయం ఎత్తితే ఆయన కాసేపు ఆలోచించి, ఆవిడ కోసం సెల్లారులోనే కుడి వైపు నుంచి తిరగడం మంచిదా ఎడమ నుంచి మంచిదా అన్న చర్చ లేవదీస్తాడు.

ఇక చేతికి గడియారాలు కట్టుకుని పరుగెత్తే కుర్రకారు. వీళ్లు వచ్చాక ఈయన కాలం చెల్లిందని కొందరి అంచనా. నాకట్లా కనిపించడం లేదు. వాళ్లు పరుగు అయ్యాక తాము తిరిగిన దారిని ఫోన్లో నారింజరంగు గీతగా గ్రూపులో పెడతారు. కింద నలుగురు "హబ్సిగూడ వైపు కాదు బ్రో, లోపలి నుంచి వెళ్లాల్సింది" అని రాస్తారు. కర్ర లేదు, ఇస్త్రీ ప్యాంటు లేదు, మిగతాదంతా అదే. ఈ రోగం అంటువ్యాధి అనడానికి సాక్ష్యం కావాలంటే, ఎక్కడ ఎప్పుడు నడవాలో ఇంతసేపు చెప్తూ కూర్చున్న ఈ వ్యాసమే చాలు. ఇప్పుడు ఉప్పల్ చౌరస్తాలో ఆ కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "అంకుల్, భగాయత్ లూప్ అయిదు కిలోమీటర్లుంటదా?" అని అడిగితే చాలు. పెద్దమనిషి కర్ర చంకలో పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, "ఏ దిక్కు నుంచి మొదలువెడ్తవు ముందుగాల అది చెప్పు బిడ్డా" అంటాడు. ఇక ఇద్దరూ అక్కడే.