బంగాళాఖాతాన్ని తోడే ఖర్చు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఫ్లాటు కొనుక్కున్నవారు గాలి కోసం ఒకసారి, ఆ గాలిలోని తేమను వదిలించుకోవడం కోసం మరొకసారి సొమ్ము చెల్లించే ఆచారం క్రమంగా స్థిరపడుతున్నది. బాల్కనీలోంచి అలలు కనబడతాయని చదరపు అడుగుకు నాలుగు రాళ్లు ఎక్కువే పోసిన కుటుంబం, ఆ సముద్రమే ఇంట్లోకి నడిచివచ్చి పట్టుచీరల మడతల్లో బూజుగానూ, ఉప్పు డబ్బాలో గడ్డగానూ, వేయించిన కాసేపటికే మెత్తబడిన అప్పడంగానూ దర్శనమిచ్చేసరికి, డీహ్యూమిడిఫయర్ అనే యంత్రాన్ని తెచ్చి హాలులో ప్రతిష్ఠిస్తున్నది.

గాలిని చల్లని కాయిల్ మీదుగా లాగి, అందులోని ఆవిరిని నీరుగా మార్చి తొట్టెలోకి దించి, ఆరిన గాలిని వేడి కాయిల్ మీదుగా తిరిగి అదే గదిలోకి వదలడం ఈ యంత్రం చేసే పని. పెట్టె మీద ముద్రించే ‘రోజుకు 20 లీటర్లు’ అన్న సామర్థ్యం సాధారణంగా 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న పరీక్షగదిలో 24 గంటలూ నడిపితే వచ్చే లెక్క. సాపేక్ష ఆర్ద్రత అంటే గాలి ఆ ఉష్ణోగ్రత వద్ద మోయగలిగిన ఆవిరిలో ఎంత శాతాన్ని ఇప్పటికే మోస్తున్నదో తెలిపే కొలత. లీటర్లు చూసి కొన్న గృహస్థు, పాడిగేదెను కొన్నవాడు పాలు కొలుచుకున్నట్టు, ప్రతి ఉదయం తొట్టెలోని నీటిని కొలిచి పరమానందభరితుడవుతాడు.

అయితే పన్నెండు అడుగుల పొడవు, అంతే వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తం, అదే 30 డిగ్రీల వద్ద, 80 శాతం ఆర్ద్రతతో మోసే నీరు ఇంచుమించు ఒక్క లీటరే. దానిని 55 శాతానికి దించాలంటే తీయవలసినది సుమారు 300 మిల్లీలీటర్లు. ఆ గదిలోంచి రోజుకు ఐదు లీటర్లు వస్తున్నాయంటే, తక్కిన నీరు హాలులో దండెం మీద ఆరేసిన బట్టలనుంచి, మూత పెట్టని వంటనుంచి, అన్నిటికన్నా ముఖ్యంగా ‘గాలి ఆడాలి కదా’ అని ఓరగా తీసి ఉంచిన బాల్కనీ తలుపునుంచి వచ్చిందన్నమాట. కోరిన ఆర్ద్రత రాగానే యంత్రాన్ని ఆపే హ్యూమిడిస్టాట్ అనే అమరిక ఉండనే ఉన్నది గాని, బంగాళాఖాతం 55 శాతానికి దిగివచ్చేదాకా దానికి ఆ అవకాశం రాదు.

ఇక ఖర్చు. 250 వాట్ల యంత్రం రోజుకు పది గంటలు నడిస్తే రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు అవుతాయి. అమ్మేవాడు యూనిట్‌కు మూడు రూపాయల చొప్పున గుణించి 225 రూపాయలని చెబితే అందులో అబద్ధమేమీ లేదు; ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగంలో 31నుంచి 75 వరకు యూనిట్ల ధర సరిగ్గా అంతే. కాకపోతే టారిఫ్ శ్లాబులుగా, అంటే వాడకం పెరిగినకొద్దీ పై యూనిట్ల ధర పెరిగే మెట్లుగా ఉన్నది. కొత్తగా వచ్చినవాడు కింది మెట్టు మీద కూర్చోలేడు. ఏసీ, ఫ్రిజ్, గీజరు కలిసి అప్పటికే 230 యూనిట్లు తాగే ఇంట్లో ఈ 75 యూనిట్లూ 8 రూపాయల 75 పైసల మెట్టు మీదనే పడి, 656 రూపాయలుగా తేలతాయి. లీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు పడిన ఆ నీరు క్యాన్ నీళ్లకన్నా ప్రియమైనది, పైగా తాగడానికి పనికిరానిది.

ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని గుప్తోష్ణాన్ని, లీటరుకు సుమారు 0.68 యూనిట్లు, గదిలోనే వదిలిపోతుంది. ఐదు లీటర్ల గుప్తోష్ణానికి యంత్రం తాగిన రెండున్నర యూనిట్లు కలిపితే దాదాపు ఆరు యూనిట్ల వేడి, అనగా మే నెల విశాఖలో వెయ్యి వాట్ల హీటరును ఆరు గంటలు వెలిగించుకున్నంత సౌఖ్యం. ఆ వేడికి తాళలేక గృహస్థు ఏసీ వేస్తాడు. ఆ ఏసీ కూడా చల్లని కాయిల్ మీద తేమను నీరుగా మార్చి, గొట్టం ద్వారా కింది ఫ్లాటువారి గోడ మీదికి ధారగా పంపుతూనే ఉంటుంది. నిజానికి 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం రూపొందించిన తొలి ఏసీ ఏర్పాటు ఉద్దేశమే కాగితం తేమకు సాగకుండా చూడటం. ఒకే గదిలో ఒకే నీటి కోసం రెండు యంత్రాలు పోటీ పడి, వాటిలో ఒకటి రెండోదానికి పని పెంచడం ఇంధన పొదుపు గ్రంథాలకు ఇంకా ఎక్కని ప్రక్రియ.

ఇంతటితో లెక్క తేలిందనుకోరాదు. విద్యుత్ సుంకం, స్థిరఛార్జీ పోగా, ఇంధనం కొనుగోలులో అంచనాకు మించి అయిన వ్యయాన్ని వాడకందారులనుంచి తరువాత రాబట్టే ట్రూ అప్ అనే పద్ధతి ఒకటి ఉన్నది గనుక, ఏ వానాకాలంలోనో తోడిపారబోసిన తేమకు మిగులు బాకీ, ఆ యంత్రం మూలపడి దాని మీద ఇస్త్రీ బట్టలు పేర్చుకుంటున్న కాలంలో కూడా బిల్లులో కనిపించవచ్చు.