అన్నీ సర్కారు బడులే!

సర్కారు బడులన్నీ ఒకటే అనుకునేవాళ్లు అమాయకులు. కేంద్రీయ విద్యాలయం, నవోదయ, గురుకులం, మోడల్ స్కూలు... పంక్తి చివర్న ఊరి మండల పరిషత్ బడి! 2022లో ‘పీఎం శ్రీ’ పథకం కింద మెరుగులు దిద్దుతామని కేంద్రం చెప్పిన బడులు 14,500. దేశంలో సర్కారు బడులేమో 10 లక్షలు. ఆ 14,500లోనూ కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు వాటా ఉంది. తిన్నవాడికే మారు వడ్డన!

లక్షకు పైగా బడులకు ఒక్కరే పంతులు. అన్ని తరగతులూ ఆయనే, మధ్యాహ్న భోజనం లెక్కా ఆయనే, ఓటర్ల జాబితా కూడా ఆయనే. ఆయనకు జ్వరమొస్తే బడికే సెలవు.

పేదా గొప్పా తేడా లేని ఉమ్మడి బడి కావాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. చదువుకు జాతీయాదాయంలో 6 శాతం ఇమ్మంది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరినవాళ్లు రిటైరైపోయారు. 6 శాతం ఇంకా రాలేదు.