కౌన్సిలరక్క

పోచంపల్లిలో పొద్దున ఆరింటికి ఎవరింటి గేటు చప్పుడైనా పాలాయన వచ్చాడనుకుంటాం. కౌన్సిలర్ ఇంటి గేటు చప్పుడైతే మాత్రం, వచ్చింది పాలాయనే అయినా పాలు పోయడానికే వచ్చాడని చెప్పలేం.

"అన్న ఉన్నడా అక్కా?"

"లేడు. ముందు పాలు పొయ్యి. లైటు ఏ స్తంభానిది?"

లైటు సంగతి అతను ఇంకా ఎత్తనేలేదు. అన్న కోసం అడిగిన గొంతును బట్టే అది లైటా, మోరీయా, పింఛనా అని కౌన్సిలరక్క పసిగడుతుంది.

ఓటేసి గెలిపించింది ఆమె భర్తను. "అక్క" అన్న పదవి ఆమెకు పోటీ లేకుండా దక్కింది. 2018లో ఊరు మున్సిపాలిటీ అయ్యేదాకా ఈ పాత్రను సర్పంచక్కలు, వార్డు మెంబరక్కలు పోషించారు. వేషం పేరు మారింది గానీ పొయ్యి మీద చాయ్ గిన్నె మారలేదు. మహిళలకు రిజర్వయిన వార్డులో భార్య గెలిచి భర్త పెత్తనం చేస్తే పత్రికల్లో వ్యాసాలొస్తాయి. భర్త గెలిచి భార్య చాకిరీ చేస్తే అది సంసారం కింద జమ. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆ ఇంట్లో ఫోన్లు రెండు. పెద్దది ఆయన జేబులో ఉంటుంది, మోగేది ఆమె దగ్గర ఉంటుంది. గెలవకముందు ఆయన మగ్గం నేసేవాడు, ఆమె ఆసు పోసేది, చిటికి కట్టేది. ఇప్పుడు మగ్గం గుంటలో ఆమె కూర్చుంటే, ఆయన ఖద్దరు చొక్కా వేసుకుని గల్లీ మలుపులో నిలబడతాడు. నిలబడటం తక్కువ పనేం కాదు. ఎండలో గంటలు నిలబడాలి.

ఆసు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పోచంపల్లి చీరలో పువ్వు మగ్గం మీద పుట్టదు. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోసి, సైకిల్ ట్యూబు రబ్బరుతో చిటికి కట్టి, రంగులో ముంచేటప్పుడే పువ్వు ఖాయమైపోతుంది. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో దీనికొక యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కౌన్సిలరక్కకు ఆయనంటే భక్తి, దాని వెనకే చిన్న ఫిర్యాదు.

"చేతులకు మిషన్ చేసిండు, మంచిదే. 'అన్న లేడు' అని చెప్పే మిషన్ ఒకటి చేస్తే ఇంకో పద్మశ్రీ నేనే ఇప్పిస్త."

వార్డు రికార్డులన్నీ కొడుకు లాంగ్ నోట్‌బుక్కులో ఉంటాయి. ముందు వైపు నూలు లెక్క, వెనక వైపు జనం లెక్క. నడిమి పేజీల్లో రెండూ కలిసిపోయాయి. నేను చూసిన పేజీలో ఇలా ఉంది: "మోరీ – రెండు కిలోలు. ఎర్ర రంగు – కమిషనర్ సారుకు చెప్పాలె." ఆమెకు మాత్రం అంతా స్పష్టమే.

ఆమె వాదనలో ఓడిపోవడం ఒక్కసారే చూశాను. నేత కార్మికులకు యాభై నిండితే పింఛన్. ఒకాయన తనకు నిండాయంటూ వచ్చాడు.

"నువ్వు, మా ఆయన ఒక్క బెంచీల చదివిండ్రు. ఆయనకు నలభై ఎనిమిది. నువ్వేమన్న రెండేండ్లు ఫెయిలైనవా?"

"అయిన అక్కా."

అక్క మారు మాట్లాడకుండా నోట్‌బుక్కు తెరిచింది.

దానాల దగ్గర ఆమెకు ఊరి చరిత్రతోనే పేచీ ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నిలబడి నూరెకరాలు ఇస్తానన్న ఊరు ఇది. "గొప్ప మాట. గని ఆ సారు ఇంటికి పోయినంక ఏం మాట్లాడుకున్నరో నేను చదివిన పుస్తకంల లేదు," అంటుంది. ఇంతకూ ఆమె భర్త దానం చేసింది ఎకరాలు కాదు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నిచ్చెన. పెండ్లికని ఒకరు, వినాయక మండపానికని ఒకరు పట్టుకుపోయారు. ఇంటికొచ్చిన వార్డు ప్రజలు ఇప్పుడు గడప మీద కూర్చుంటున్నారు.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేశాక ఊరికి చుట్టాలు పెరిగారు. మొన్నొక రోజు మోగే ఫోన్ మోగింది. "పది మందిని తోలుకొస్తున్న, చాయ్ పెట్టు." వచ్చింది పద్నాలుగు మంది. నేసేవారు ఎవరని వాళ్లు అడిగారు. కౌన్సిలర్ గారు ఖద్దరు చేతులు పైకి మడిచి గుంటలోకి దిగారు. మూడో పేకకే పడుగు పోగు తెగింది. ఆయన కెమెరా వైపు నవ్వుతూనే ఉన్నాడు. చాయ్ గ్లాసుల పళ్లెం పక్కన పెట్టి, ఆమె వంగి ముడేసింది.

ఆ ఫోటో నాకూ చూపించారు. చీర పడింది, నవ్వు పడింది, ఎడమ అంచున నాలుగు గాజులు పడ్డాయి.

చుట్టాలు వెళ్లాక ఆయన అలసిపోయి మంచం మీద నడుం వాల్చాడు. గేటు చప్పుడైంది.

"అన్న ఉన్నడా అక్కా?"

"ఉన్నడు, రా."

గేటు దగ్గరి మనిషి కాసేపు తటపటాయించాడు.

"అట్లనా? అయితే రేపొస్త తియ్యి."