నీళ్లన్నీ ఒక్కటే: గాలం వేసేవారికి సలహాలు

గాలానికి బయల్దేరేవాళ్లు ముందుగా ఒక సంగతి మనసులో నాటుకోవాలి. నీళ్లన్నీ ఒక్కటే. పంటకాలువైనా, ఊరిచెరువైనా, గోదావరైనా తడిసేది అదే తంగూసు. కాబట్టి ఇంటి దగ్గరే గాలానికి జానెడు పైన బెండు ముడేసి, ఇక జన్మలో కదపకండి. బొచ్చె పైనీళ్లలో మేస్తుందనీ, శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగు బురదలో మేస్తాయనీ పెద్దవాళ్లు చెబుతారు. చాదస్తం. ఆకలేస్తే అవే వస్తాయి.

నెమలి ఈక కాడ బెండుగా కట్టేవాళ్లను చూసి మోసపోవద్దు. చిన్న పరిగె మూతి తగిలినా అది వణుకుతుంది, దాంతో మన గుండే వణుకుతుంది. ఆరోగ్యం ముఖ్యం. పిడికెడంత థర్మాకోల్ ముక్క కట్టండి, ఏ చేప లాగినా చలించదు. సీసం కూడా వద్దు. సీసం ఉంటే బెండు నిటారుగా నిలబడుతుంది, లేకపోతే హాయిగా పడుకుంటుంది. దాన్ని చూస్తూ మీరూ పడుకోవచ్చు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణుంచి డెల్టా కాలువల్లోకి పారే నీళ్లు బెండును లాక్కుపోతాయి. తెలిసినవాళ్లు వంతెన స్తంభం వెనకో, లాకుల దిగువనో నీళ్లు మందగించే చోటు వెతుక్కుంటారు. మీరు నడి ప్రవాహంలో వేసి గట్టు వెంబడి పరుగెత్తండి. వేసవిలో కాలువలు కట్టేశాక చేపలన్నీ మిగిలిన మడుగుల్లో చేరతాయి. ఆ రోజుల్లో మాత్రం ఇల్లు కదలకండి, వడదెబ్బ తగులుతుంది.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. అంత హోదా ఉన్నది గట్టుపక్క గడ్డిదుబ్బుల్లో నక్కుతుందా? నడిచెరువులోనే దర్జాగా తిరుగుతుందని నమ్మండి. అది గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి గడ్డిలో బుడుంగుమంటే కప్పేమో అనుకుని వదిలేయండి. మాంసాహారి కదా, మార్పు కోసం తవుడు ముద్ద పెట్టి చూడండి.

వరదకు ఎదురీదే పులసకూ ఇదే గాలం. నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని మొప్పల దగ్గర వడగట్టుకు తినే చేప వానపామును ఎందుకు ముట్టుకుంటుందని వలవాళ్లు అడుగుతారు. వాళ్ల వ్యాపారం వాళ్లది. పుస్తెలమ్మి కొనాల్సిన చేప వానపాముకు దొరికితే ఎంత మిగులు!

కూర్చునేటప్పుడు పొద్దు మీ వీపున ఉండాలి, నీడ నీళ్ల మీద బారుగా పడాలి. మధ్యమధ్యలో గట్టు మీద కాళ్లు తాటించండి. చేప ఒంటి పక్కనున్న గీతతో అదురు పసిగడుతుంది, మీరొచ్చిన కబురు దానికి అందాలి కదా. (ఫోన్లో గట్టిగా మాట్లాడితే గట్టు మీద మిగతావాళ్లకూ అందుతుంది.)

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి బెండు మునుగుతుంది. కంగారు పడొద్దు. చేప ఎర నోట కరుచుకోకముందే బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజండి. గాలం వెనకున్న తుమ్మచెట్టుకు తగులుకుంటుంది. ముళ్లు తప్పించుకుంటూ దాన్ని విడదీసేసరికి పొద్దు గూకుతుంది, చీకట్లో బెండు ఎటూ కనపడదు.