కాశీ కొత్వాలు గారికి కాకరకాయ విషయమై ఒక అర్జీ

మహారాజశ్రీ కాలభైరవస్వామి వారి దివ్యసముఖమునకు,
కొత్వాలు, కాశీ క్షేత్రం.

విషయం: గంగలో వదిలిన కాకరకాయను తిరిగి ఇప్పించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: పోయిన మాఘమాసంలో కేదారఘాట్ మెట్ల మీద, పురోహితుడి సమక్షంలో నేను నోటితో చెప్పిన సంకల్పం.

అయ్యా,

నేను ముప్పై నాలుగేళ్లు ఒక సర్కారు కచేరీలో అర్జీలు పుచ్చుకునే బల్ల వెనక కూచుని రిటైరైన గుమాస్తాని. బల్లకి ఇవతల నిలబడి అర్జీ పెట్టుకోవడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి. తమ కచేరీలో స్టాంపు రుసుం ఎంతో తెలీక పదకొండు రూపాయలు హుండీలో ముందే వేశాను. రసీదు ఇవ్వలేదు.

మొదట ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాలి. నిజానికి నేను కాశీకి బయల్దేరింది నా పెళ్లినాడు. చేతిలో గొడుగు, కాళ్లకి పావుకోళ్లు, కళ్లకి కాటుక. సన్నాయి వాయిస్తుండగా వీధి మలుపు దాకా నడిచాను కూడా. అక్కడ మా బావమరిది అడ్డం వచ్చి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, "కాశీ ఎక్కడికీ పోదు, రా బావా" అని వెనక్కి తీసుకుపోయాడు. ఆ బెల్లం ముక్క కరగడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. ఆలస్యానికి బాధ్యుడు అతనే. ఈసారి మాతో పాటు వచ్చి పై బెర్తులో పడుకున్నాడు కనుక అతని మీద వేరే చర్య అక్కర్లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య గారి పద్దు తమ దఫ్తరంలో ఉండే ఉంటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పల్లకీలు, బోయీలు, వంద మంది దాకా పరివారం. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ బాట చెడిపోయింది అని రోజూ రాసుకుంటూ పోయారు. ఆ రాతే తెలుగువాళ్లకి 'కాశీయాత్ర చరిత్ర' అయింది. ఆయన హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా వచ్చిన దారి వెంబడే ఇంచుమించుగా మా దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కూడా పరుగెత్తింది. ఒక పగలూ ఒక రాత్రీ, ఇంకాస్త. దారి గురించి నేను రాయగలిగిందల్లా ఒక్కటే: ఇటార్సీలో టీ నీళ్లగా ఉంది.

కాశీలో తొమ్మిది నిద్రలు చెయ్యాలని పెద్దలన్నారు. తల్లి కడుపులో మోసిన తొమ్మిది నెలలకీ లెక్కట. పక్క గదిలో దిగినవాళ్లు రెండో రోజే అయోధ్య బస్సెక్కారు. మేం తొమ్మిదీ చేశాం. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అర్జీదారు హడావుడి యాత్రికుడని తమరు అనుకోకూడదు.

వచ్చిన మర్నాడే తమ దర్శనానికి వచ్చాం. క్షేత్రపాలకుడి అనుమతి లేకుండా ఊళ్లో ఏ పనీ చెయ్యకూడదని తెలుసు. యముడి వారెంటు కాశీలో చెల్లదనీ, ఇక్కడ పోయినవాడి లెక్కలు తమరే చూస్తారనీ కూడా తెలుసు. విశ్వనాథుడి వైపు ఇప్పుడు దారులు విశాలమయ్యాయి. అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించిన గుడి, రంజిత్ సింగ్ ఇచ్చిన బంగారంతో మెరిసే శిఖరాలు, 2021 డిసెంబరులో తెరిచిన కొత్త ఆవరణ. గంగ ఒడ్డు నుంచి నేరుగా గుళ్లోకి నడిచిపోవచ్చు. తమ సందు మాత్రం ఇంకా సందే. ఆవు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆవు కాదు. నాకు తమ సందే నచ్చింది.

పూలదండల మధ్య తమ వెండి ముఖం ఒక్కటే కనబడింది, అదీ నాలుగు క్షణాలు. ఆవనూనె దీపాల మసి వాసన, ఎవరో సీసాతో తెచ్చిన నైవేద్యం వాసన (దాన్ని గురించి మా ఆవిడ అడిగితే పన్నీరని చెప్పాను), వెనకనుంచి తోపు. అర్చకుడు నెమలి ఈకల కట్టతో వీపు మీద ఒక్కటేశాడు. చిన్నప్పుడు మా లెక్కల మేష్టారు కొట్టిన చోటే తగిలింది. బయటికొచ్చి నూట ఎనిమిది నల్లతాళ్లు కొన్నాను. ఊళ్లో ఎంతమందికి బాకీ ఉన్నానో సందులో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే, తమ సిబ్బంది ఒకరు, నల్లది, ఒక చెవి చిరిగింది, వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుని నిద్రపోయింది. లెక్క పూర్తయ్యేదాకా కదల్లేదు. నేనూ కదల్లేదు.

హరిశ్చంద్ర ఘాట్ గురించి ఒక మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు. మా గోదావరి జిల్లాల వాళ్లకి కాశీ ముందుగా తెలిసింది పురాణంలో కాదు, తిరణాల పందిట్లో. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్రీయం', అందులో రాత్రి రెండింటికి కాటిసీను, ఆ సీనులోకి వచ్చి చేరిన జాషువా గారి శ్మశాన పద్యాలు. ఎముకలు కొరికే చలిలో దుప్పటి కప్పుకుని వన్స్‌మోర్ కొట్టినవాణ్ని నేను. అందుకని ఆ మెట్ల మీద సాయంత్రం గంటసేపు కూచున్నాను. కాటాలో కట్టెలు తూస్తున్నారు. బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న ఒకాయన, తండ్రినో అన్ననో తెచ్చినట్టున్నాడు, కట్టెలవాడితో బేరమాడుతున్నాడు. బేరం తెగింది. ఆయన డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మా ఊరి హరిశ్చంద్రుడు కాటిసుంకం అడిగేటప్పుడు రాగం తీసి, హార్మోనియం వాడి వంక చూసి, మళ్లీ అందుకునేవాడు. ఇక్కడ రాగం లేదు. ఆ గంటలో నాలుగు చితులు లేచాయి. మట్టి ముంతలో టీ తాగుతూ ఒక కుర్రాడు వాటిని కర్రతో సర్దుతున్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఐదో రోజు కేదారఘాట్‌లో, ఎర్రచారల మెట్ల మీద, పితృకార్యం అయ్యాక పురోహితుడు అడిగాడు: "ఏం వదులుతున్నారు?" ఆయనదీ తెలుగే, పడవవాడిదీ సగం తెలుగే. మా ముందు వరసలో ఉన్నవాళ్లు వదిలినవి నేను విన్నాను. ఒకాయన పొట్లకాయ. ఒకావిడ దొండకాయ. మా బావమరిది, గట్టిగా, అందరికీ వినబడేట్టు, "ముల్లంగి" అన్నాడు. వంకాయ వదిలినవాడు ఒక్కడు లేడు. నా వంతు వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ముట్టలేదు. "కాకరకాయ" అన్నాను. పురోహితుడు నా మొహంలోకి చూసి నవ్వి, "పెద్దలు వదలమన్నది కాయాపేక్ష, ఫలాపేక్ష నాయనా. అంటే ఒంటి మీద మోజు, చేసిన పనికి ఫలం మీద ఆశ. మనవాళ్లు దాన్ని కాయగా పండుగా చేశారు" అన్నాడు. అని, నీళ్లు వదిలించాడు. వదలడానికి సరైన చోటు కాశీ కాదు, గయలో అక్షయవటం కింద అనేవాళ్లూ ఉన్నారు. పరిధి సమస్య ఉంటే ఈ కాగితాన్ని గయకి బదిలీ చెయ్యండి.

మా అమ్మ సంగతి తమకి గుర్తుండాలి. పాతికేళ్ల కిందట వచ్చింది. పనస వదిలింది. పండుగానూ కూరగానూ రెండూ. మా పెరట్లో పనసచెట్టు ఉండేది. ఆవపెట్టిన పనసపొట్టు కూరంటే ఆవిడకి ప్రాణం. కాశీ నుంచి వచ్చాక కూడా ఆ కూర మా ఇంట్లో ఆగలేదు. తనే పొట్టు కొట్టేది, తనే వండేది. చిటికెడు అరచేతిలో వేసుకుని వీధిలోకి వచ్చి, "ఒరే, ఉప్పు చూడరా" అని నా చేతిలో పెట్టేది. నేను నాలిక మీద వేసుకునేదాకా నా మొహం వంకే చూసేది. "సరిపోయిందమ్మా" అంటే లోపలికెళ్లిపోయేది. పోయేదాకా అంతే. ఆవిడ వదిలిన పనసా, నేను వదిలిన కాకరా తమ దఫ్తరంలో ఒకే పుటలో ఉన్నాయంటే నాకు సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చాం. గంగచెంబు పూజ, సమారాధన, తాళ్ల పంపకం అయ్యాయి. నూట ఎనిమిదీ చాల్లేదు. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మా ఆవిడ మనవరాలి కోసం కాకరకాయ కారం పెట్టి వేయించింది. అరవై రెండేళ్లుగా నన్ను వీధిలోకి తరిమిన వాసన ఆ పూట నన్ను వంటింటి గుమ్మం దాకా లాక్కెళ్లింది. కాయలు నల్లగా, నిగనిగలాడుతూ, దారం చుట్టి, మూకుడులో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. మనవరాలు దారం విప్పి నోట్లో వేసుకుని, కరకరలాడించి, "తాతా, నీకు వద్దుగా?" అంది.

అప్పట్నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

ఇది తమరికి కొత్తగా ఉండదు. బ్రహ్మ అయిదో తల గిల్లినందుకు కపాలం తమ చేతికే అంటుకుని, లోకాలన్నీ తిరిగినా ఊడక, కాశీ వచ్చాకే కదా రాలిపడింది. తమరు వదిలించుకోవాలనుకున్నది కాశీలో వదిలింది. నేను వదిలాననుకున్నది కాశీ నుంచి వచ్చాక పట్టుకుంది. ఇందులో తమ హస్తం ఉందని నా అనుమానం. నెమలి ఈకల దెబ్బ కాస్త గట్టిగానే తగిలింది.

అయితే ఇది ఫిర్యాదు మాత్రం కాదని మనవి. కాశీ మీద ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో పదో తరగతి పాఠంలోనే చదువుకున్నాం. రెండు రోజులు భిక్ష దొరకలేదని వ్యాసుడంతటివాడు కాశీని శపించబోయాడు. అన్నపూర్ణ పిలిచి, చీవాట్లు పెట్టి, అన్నమూ పెట్టింది. విశ్వనాథుడు మాత్రం ఊరు విడిచి పొమ్మన్నాడు. వ్యాసుడు అక్కణ్ణుంచి వచ్చింది మా ద్రాక్షారామానికే అని శ్రీనాథుడు భీమఖండంలో రాశాడు. మా ఇంటి నుంచి గుడి ఆరు మైళ్లు. తమరు వెళ్లగొట్టినవాళ్లని చేరదీసే ఊరు మాది. కాబట్టి ఈ అర్జీదారుని బహిష్కరించినా కొత్తగా పోయేదేమీ ఉండదు, ఇప్పటికే అక్కడున్నాడు.

తమరు కాకరకాయను తిరిగి ఇప్పించాలని ప్రార్థన. ఊరికే అడగడం లేదు. దాని బదులు మరొకటి రాసి ఇవ్వాలని తెలుసు. రాద్దామని మూడు రోజులుగా కూచుంటున్నాను. వంకాయ అని రాసి కొట్టేశాను. మామిడిపండు దగ్గర కలం ఆగింది. పనస రాయడానికి నాకు అర్హత లేదు. ఆ గడి ఖాళీగా ఉంచి అర్జీ పంపుతున్నాను. అసంపూర్తి అర్జీలు తిప్పి పంపాలన్న నియమం నాకు తెలుసు, ముప్పై నాలుగేళ్లు నేనూ అలాగే తిప్పి పంపాను. తమరు మాత్రం పంపకండి.

ప్రస్తుతం నా కోసం ఇంట్లో కాకరకాయ వండడం మానేశారు. పెరట్లో పాదు విరగకాస్తోంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ద్రాక్షారామం దగ్గర ఒక రిటైర్డు గుమాస్తా